వినుట, గైకొనుట: మార్కాపురము, గిద్దలూరు సీమల క్రైస్తవ సంఘచరిత్రలో ఒక విచారము

తెలుగున "మాట వినుట" యనగా చెవితో వినుట మాత్రమే కాదు, చెప్పినట్లు నడచుకొనుట కూడ. "వాడు తండ్రిమాట వినడు" అనినచో వానికి చెవుడని యెవరును తలపరు. హీబ్రూభాషలోని "షెమా" యను క్రియకును ఈ రెండర్థములు కలవు. గ్రీకుభాషలో విధేయతను తెల్పు "హుపకొయె" యను పదము వినుట యను ధాతువునుండియే పుట్టినది. బైబిలును తెనిగించినవారు ఆజ్ఞలను పాటించుట యను అర్థమున "గైకొనుట" యను క్రియను విరివిగా వాడిరి. చేతికి పేరైన "కై" శబ్దముతో "కొను" చేరి యేర్పడిన యీ మాటకు చేత పుచ్చుకొనుట, అంగీకరించుట, పాటించుట యనునవి అర్థములు. సంస్కృతమునుండి వచ్చిన "గ్రహించు" అను మాటయు ఇట్టిదే. అది చేతితో పట్టుకొనుటకును బుద్ధితో తెలిసికొనుటకును చెల్లుచున్నది.

భాషలో ఇంత సన్నిహితములైన యీ రెండు భావములు చరిత్రలో మాత్రము తఱచు విడదీయబడినవి. 19వ శతాబ్దిలో ఒంగోలునుండి కంభమువరకు వేలకొలది జనులు క్రైస్తవమతమును స్వీకరించినపుడు, ఆనాటి విమర్శకులు వేసిన ప్రశ్న యిది: అక్షరమెఱుగని యీ మాదిగలు, మాలలు లేఖనములను తెలిసికొని నడచుచున్నారా, లేక చెప్పినదానిని తెలియకయే చేయుచున్నారా? ఈ ప్రశ్న మిషనరీలలోనే పుట్టినది. నేటికిని పరిశోధకులలో నడచుచున్నది. ఈ ప్రశ్న వేసిన తీరులోనే ఒక లోపము కలదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమలలో ఆజ్ఞాపాలనము వాక్యజ్ఞానమునకు తరువాత వచ్చిన ఫలము కాదు. ఆ జ్ఞానము వారికి కలిగిన మార్గమే అది. దీనిని నిరూపించుటకు పూర్వము ఆ ప్రాంతమును గుఱించి కొంత చెప్పవలసియున్నది.

ప్రాంతము

మార్కాపురము, కంభము, గిద్దలూరు అనునవి పశ్చిమ ప్రకాశమని వాడుకలోనున్న సీమలోనివి. ఇవి చిరకాలము కర్నూలు జిల్లాలో నుండి, 1970 లో ఒంగోలు జిల్లా యేర్పడినపుడు అందు చేరినవి. 1972 లో ఆ జిల్లాకు ప్రకాశము పేరు పెట్టబడినది. నల్లమల, వెలికొండల నడుమనున్న మెట్టభూమి యిది. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభము చెఱువును నింపి, మార్కాపుర సీమమీదుగా తూర్పునకు తిరిగి, ఒంగోలునకు ఉత్తరముగా పాఱి సముద్రమున కలియును. కంభము చెఱువు శ్రీకృష్ణదేవరాయల దేవేరియైన గజపతి రాజపుత్రిక 16వ శతాబ్ది పూర్వార్ధమున కట్టించినదని ప్రసిద్ధి. చెఱువుక్రింది ఆయకట్టును విడిచినచో తక్కిన సేద్యమంతయు వానమీదను బావులమీదను ఆధారపడినది. బావినుండి నీరు తోడుటకు కపిల కావలెను. కపిలకు తోలుబాన కావలెను. తోలుబానను చేయువాడు మాదిగ. ఈ చిన్న విషయమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెను; తరువాతి కథ దీనితో ముడివడియున్నది.

మతచరిత్ర దృష్టితో చూచినచో ఇది గురుపరంపరల సీమ. త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారముగా పేర్వడసినది. మార్కాపురమున చెన్నకేశవస్వామి ఆలయము కలదు. గిద్దలూరునకు దక్షిణమున, కొండలకావల, పోతులూరి వీరబ్రహ్మము సమాధిచెందిన కందిమల్లాయపల్లె కలదు. ఆయన శిష్యులలో దూదేకుల సిద్దయ్యయు మాదిగ కక్కయ్యయు ఉండిరని వీరబ్రహ్మము కథలు చెప్పుచున్నవి. ఊరి దేవాలయమున అడుగుపెట్టరాని జనులకు రాజయోగ గురువుల మూలమున ఒక ఆధ్యాత్మిక మార్గము దొరకినది. అందు గ్రంథపఠనము ముఖ్యము కాదు. గురువు చెప్పిన మాటను చెవిని వేసికొని, దానిని జీవితమున నిలుపుకొనుటయే సాధన. కావున "విని నడచుకొనుట" యను మార్గము క్రైస్తవ బోధకులు వచ్చుటకు పూర్వమే ఇచ్చటి పల్లెలకు పరిచితము.

పేరయ్య

ఈ పరిచయమునకు మంచి నిదర్శనము యెర్రగుంట్ల పేరయ్య. ఈయన కనిగిరి ప్రాంతమున తాళ్లకొండపాడు గ్రామమువాడు, మాదిగకులజుడు, తోళ్ల వ్యాపారి. యౌవనమున రాజయోగము నభ్యసించి, తనవారిలో గురుస్థానము నొందినవాడు. వ్యాపారమునకై ఉత్తరదేశమునకు పోయినపుడు ఏలూరు ప్రాంతమున క్రైస్తవ బోధను వినెను. నెల్లూరులో 1840 నుండి నిలిచియున్న అమెరికా బాప్తిస్టు మిషనునకు చెందిన జూయెట్ దొరచేత 1866 లో తన భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. అదే సంవత్సరము సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలున స్థిరపడెను. 1867 జనవరి 1 న 8 మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను.

క్లౌ రెండవ భార్యయైన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వృద్ధులైన బోధకుల నోట విని వారి కథలను కూర్చి 1899 లో "వైల్ స్యూయింగ్ సాండల్స్" అను గ్రంథముగా ప్రకటించెను. ఆ గ్రంథమునుబట్టి చూడగా పేరయ్య మతాంతరమున తన పూర్వసాధనను ఒక్కసారిగా విసర్జించినవాడు కాడు. గురువు యెదుట శిష్యుడు కూర్చుండునట్లు జనులు ఆయన చుట్టును కూర్చుండిరి. ఆయన చెప్పుచుండగా రాత్రులు గడచెడివి. ఆయన పాదములు కడుగుటకు నీళ్లు తెచ్చువారును ఉండిరి. మాఱినది బోధయేగాని బోధించు రీతి కాదు. విదేశీయుడైన దొర వత్సరమున కొకటి రెండుసార్లు గుడారముతో వచ్చి పోవువాడు. పల్లెలో వాక్యమును నిలిపినవారు పేరయ్యవంటి దేశీయ బోధకులే. పశ్చిమదిశగా పొదిలి, మార్కాపురము, కంభము వైపునకు సంఘము వ్యాపించినది ఇట్టివారి కాలినడకవలననే యని చెప్పదగును.

మూడు విధులు

క్లౌ తన అనుభవములను తుదికాలమున చెప్పగా ఎమ్మా క్లౌ కూర్చిన స్వీయచరిత్ర, ఆయన 1910 లో మరణించిన తరువాత, 1914 లో వెలువడినది. మతమున చేరగోరువారికి ఆరంభమునుండియు మూడు విధులు చెప్పబడినట్లు అందు కలదు. ఆదివారమున పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసమును తినరాదు. విగ్రహములను పూజింపరాదు. నేటి పాఠకునకు ఇవి స్వల్పములుగాను, కేవల నిషేధములుగాను తోచును. క్రైస్తవ సిద్ధాంతమున ముఖ్యములైన పాపక్షమాపణము, పునరుత్థానము, కృప మొదలగు విషయములలో ఒక్కటియు ఇందు లేదే యని శంకయు కలుగును. కాని ఈ విధులను ఆనాటి గ్రామవ్యవస్థలో నిలిపి చూచిన గాని వాని బరువు తెలియదు.

గ్రామమున మాదిగకు వేతనము ధనరూపమున లేదు. అతడు రైతుకు చెప్పులు, కపిలబానలు, వారలు చేసియీయవలెను. అధికారులు వచ్చినపుడు వెట్టికి పోవలెను. జాతరలో డప్పు కొట్టవలెను. దీనికి ప్రతిగా కల్లమున మేరగా కొంత ధాన్యమును, చచ్చిన పశువు చర్మమును, దాని మాంసమును అతనికి చెందును. మాంసము అతని జీతములో భాగము. చర్మము అతని వృత్తికి మూలద్రవ్యము. ఇప్పుడు మూడు విధులను వరుసగా పరిశీలింతము.

మొదటి విధి పనిదినములకు సంబంధించినది. అంతకుముందు మాదిగకు వారమున కొకదినము తనదని చెప్పుకొనదగినది లేదు. ఆదివారమున పని చేయననుట, ఆఱు దినములు చేసెదను గాని యేడవదినము నాది కాదు, నీదియు కాదు, దేవునిది అని రైతుతో చెప్పుట. కోతలకాలమున గాని, బావిక్రింది పైరు ఎండుచున్నపుడు గాని బాన చినిగినచో రైతు మఱునాటివరకు ఆగడు. ఇందువలన కలిగిన కలహములు క్లౌ కథనమున పెక్కు చోట్ల కానవచ్చుచున్నవి. రెండవ విధి ఆహారమునకు సంబంధించినది. చచ్చిన గొడ్డును తినుట అంటరానితనమునకు కారణముగా ఊరివారు చూపుచు, దానినే జీతముగా నిచ్చుచుండిరి. దానిని మానుట ఆకలిదినములలో కడుపు మాడ్చుకొనుట. అయినను ఆ కారణమును వారి చేతినుండి తీసివేయుట. మూడవ విధి గ్రామదేవత కొలువునకు సంబంధించినది. డప్పు లేక జాతర సాగదు. డప్పు కొట్టనివాడు ఊరికి కీడు తెచ్చినవాడగును. వాన కురియకపోయినను, మశూచికము వచ్చినను నింద వాని తలపైనే పడును.

ఈ విధులను పాటించినవాడు తాను పాటించునది యేమో తెలియనివాడని చెప్పవచ్చునా? విశ్రాంతిదినపు ఆజ్ఞ దాస్యవిమోచనముతో ముడిపడియున్నదని ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము తెలుపుచున్నది. ఐగుప్తులో దాసులైయున్నవారు ఆ సంగతిని మఱవకుండుటకై, దాసులును దాసీలును విశ్రమించుటకై ఆ దినము నియమింపబడినదని అందలి తాత్పర్యము. దీనిని పండితుడు వ్యాఖ్యానగ్రంథములు చూచి తెలిసికొనును. కరణము పిలిచినపుడు "నేడు రాను" అని చెప్పి, ఆ మాటకు దెబ్బలు తినవలసివచ్చిన మాదిగ దానిని వేఱొక త్రోవను తెలిసికొనెను. చదువుకొన్నవాని జ్ఞానము వచనమునుండి ఆచరణమునకు పోయినది. వీని జ్ఞానము ఆచరణమునుండి వచనమునకు పోయినది. దేవుని చిత్తము చేయగోరువాడే బోధను తెలిసికొనునని యోహాను సువార్త 7వ అధ్యాయమున చెప్పబడిన క్రమము ఇదియే.

బోధకునకును ఇట్టి పరీక్షయే కలిగెను. క్లౌ ఒంగోలున స్థాపించిన పాఠశాలలో మొదట బ్రాహ్మణ విద్యార్థులు చేరిరి. మాదిగలు సంఘమున చేరుచున్నారని తెలిసి పట్టణపు పెద్దలు వారిని చేర్చుకొనవలదనిరి. చేర్చుకొన్నచో పిల్లలను మానిపింతుమనిరి. ఆ రాత్రి తానును తన మొదటి భార్య హేరియట్టును వేర్వేఱు గదులలో బైబిలు తెఱవగా ఇరువురకును ఒకే భాగము, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని 1వ అధ్యాయము, కనబడెనని క్లౌ చెప్పెను. లోకమున ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పఱచుకొనెనని అందలి భావము. మాదిగలను నిరాకరింపరాదని ఆయన నిశ్చయించెను, విద్యార్థులు వెడలిపోయిరి. ఈ కథలోని యాదృచ్ఛికతను ఎవరెట్లు భావించినను, చరిత్రకారుడు గమనింపవలసినది ఒకటి కలదు. ఆ వాక్యమును ఆయన అంతకుముందు ఎన్నియో మారులు చదివియుండును. దాని అర్థము ఒంగోలున తెలియవచ్చినది పాఠశాలను పోగొట్టుకొనవలసివచ్చిన దినముననే.

కఱవు, బాప్తిస్మము

1876 నుండి 1878 వరకు దక్షిణదేశమున వచ్చిన కఱవు ఈ మెట్టసీమను తీవ్రముగా పీడించెను. క్లౌ బకింగుహాము కాలువలో 3½ మైళ్ల త్రవ్వకపు పనిని ప్రభుత్వమునుండి గుత్తకు తీసికొని వేలాది జనులకు కూలి కల్పించెను. పడమటి సీమలనుండియు జనులు అచ్చటికి దిగివచ్చిరి. దేశీయ బోధకులే పనికి మేస్త్రీలుగా నుండిరి. త్రవ్వువారు అలసి కూర్చుండినపుడు బోధకులు వారినడుమ కూర్చుండి మాటలాడిరి. శ్రమపడువారిని, భారము మోయువారిని విశ్రాంతికి పిలుచు మత్తయి సువార్త 11వ అధ్యాయపు మాట ఆ శిబిరమున మిక్కిలిగా వాడబడెనని క్లౌ చెప్పెను. తలపై మట్టితట్ట మోయువానికి ఆ మాటను విడమరచి చెప్పవలసిన పనిలేదు.

ఇక్కడనే ఆక్షేపము బలముగా పుట్టినది. కూటికై మతము మార్చుకొనిరని చెప్పుట నాడును వినబడినది, నేడును వినబడుచున్నది. దీనికి ప్రతిగా రెండు సంగతులను గమనింపవలెను. మొదటిది, కఱవుసహాయము జరుగుచున్న సుమారు 15 నెలలు క్లౌ ఒక్కరికిని బాప్తిస్మ మీయలేదు. అన్నమిచ్చు చేతినుండి బాప్తిస్మము పొందినవాని మనస్సు తెలియరాదని ఆయన భయము. రెండవది, 1878 లో సహాయము ముగిసినదని, ఇక నీయవలసిన ధనము లేదని చెప్పినను జనులు మరలిపోలేదు. ఒంగోలునకు ఉత్తరమున సుమారు 10 మైళ్ల దూరముననున్న వేలంపల్లికడ, గుండ్లకమ్మలో, జూలై 2 న 614 మందియు, 3 న 2,222 మందియు, 4 న 700 మందియు బాప్తిస్మము పొందిరి. మూడు దినములలో మొత్తము 3,536 మంది. 3వ తేదీన ఆఱుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి ఆ కార్యమును నడపిరి. ఎవరి పల్లె వారిని ఆ పల్లె బోధకుడే ఎఱుగును. అతని సాక్ష్యముపైననే పేర్లు అంగీకరింపబడినవి.

ఈ సంఖ్యలు మిషను చరిత్రలలో ప్రసిద్ధములు. కాని సంఖ్యకన్న ముఖ్యమైనది సాక్ష్యమును పరీక్షించిన విధానము. బోధకుడు అడిగినది సిద్ధాంతములను అప్పగింపుమని కాదు. ఆ మనిషి పండుగలో డప్పు కొట్టుట మానెనా, గొడ్డుమాంసము మానెనా, ప్రార్థనకు వచ్చుచున్నాడా యని. అనగా జ్ఞానమునకు పరీక్ష నడవడియే. బాప్తిస్టుల సిద్ధాంతమున బాప్తిస్మము విశ్వాసమును ఎఱిగి ఒప్పుకొన్నవానికే చెల్లును. అట్టి సంఘము అక్షరజ్ఞానము లేని జనుల ఒప్పుకోలును ఎట్లు తెలిసికొనెనని అడిగినచో, ఆచరణమునుబట్టి తెలిసికొనెనని సమాధానము.

గుండ్లకమ్మకు ఎగువన కంభము 1882 లో ప్రత్యేక మిషను కేంద్రమైనది. మార్కాపురము 1895 లో అయినది. దానితో పడమటి సంఘములకు ఒంగోలు ప్రయాణము తప్పినది.

గిద్దలూరు: వేఱొక క్రమము

గిద్దలూరువైపు వచ్చినచో చిత్రము కొంత మాఱును. అచ్చట ప్రబలినది ఆంగ్లికను సంప్రదాయము. ఇంగ్లండునకు చెందిన సువార్తవ్యాపక సంఘము 1850 తరువాతి దశకమున ముత్యాలపాడున పని ఆరంభించి, కలసపాడు, నంద్యాల, గిద్దలూరు ప్రాంతములకు విస్తరించెను. బాప్తిస్టు సంఘములలో మాదిగలు ఎక్కువ. ఈ సంఘములలో మాలలు ఎక్కువ. ఈ భేదమునకు సిద్ధాంతము కారణము కాదు. పల్లెలలో మాలగూడెమును మాదిగగూడెమును వేఱుగా నుండుటయే కారణము. ఒక గూడెము స్వీకరించిన త్రోవను రెండవది స్వీకరింపకుండుట తఱచు జరిగెను.

ఆంగ్లికను క్రమమున శిశువులకును బాప్తిస్మము చెల్లును. పసిబిడ్డ తరపున పెద్దలు ప్రమాణము చేయుదురు. బిడ్డ పెరిగి విశ్వాసప్రమాణమును, ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను కంఠస్థము చేసి, ప్రశ్నోత్తరిని నేర్చి, అధ్యక్షుని హస్తములచే స్థిరీకరణము పొందును. ఇచ్చట ముందు చేరిక, తరువాత ఆచారము, అటుపిమ్మట గ్రహింపు. మార్కాపురపు బాప్తిస్టు, "తెలియనివానికి బాప్తిస్మ మేల?" యని అడుగును. గిద్దలూరి ఆంగ్లికను, "తల్లిభాష తెలియకయే బిడ్డ ఆ భాషలో పెరుగుట లేదా?" యని మాఱు అడుగును. సిద్ధాంతమున ఈ భేదము గొప్పదే. ఆచరణమున మాత్రము రెండు సంఘములును ఒకే పద్ధతిని అనుసరించినవి: నోటికి వచ్చినదానిని నడవడిలో నిలుపుకొనుచు క్రమముగా దాని అర్థమును తెలిసికొనుట.

దోర్నకల్ అధ్యక్షమండలమున చేరియుండిన ఈ ప్రాంతపు ఆంగ్లికనులకు 1947 లో మఱియొక పరీక్ష కలిగెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 27 న మద్రాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియనులు కూడి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పెద్దభాగము అందు చేరక విడిగా నిలిచిరి. 1963 లో నంద్యాల ప్రత్యేక మండలమైనది. 1975 లోగాని అది దక్షిణ ఇండియా సంఘమున చేరలేదు. అధ్యక్షుల నిర్ణయమునకు లోబడుటయా, తమకు నేర్పబడిన సంప్రదాయమును నిలుపుకొనుటయా యను ప్రశ్న వారి యెదుట నుండెను. ఇరుపక్షములవారును తాము చేయునదే విధేయత యనిరి. అక్షరమెఱుగని సంఘముగా మొదలైనది మూడు తరములలో విధేయత యెవరికి, ఏల యని తర్కించు దశకు వచ్చినదని దీనివలన తెలియుచున్నది. నేర్చినదానిని మాఱు మాటాడక చేయుటయే వారికి నేర్పబడియుండినచో ఈ వాదము పుట్టియుండదు.

వాక్యము చేరిన త్రోవలు

పుస్తకము లేని యిండ్లకు వాక్యము ఎట్లు చేరెను? బెంజమిను షుల్జి 18వ శతాబ్దిలో చేసిన తెలుగు అనువాదము అచ్చుకాలేదు. 19వ శతాబ్ది ఆరంభమున విశాఖపట్టణమున డెగ్రాంజి, ఆనందరాయరు తెనిగించిన మూడు సువార్తలు 1812 లో శ్రీరామపురమున అచ్చయినవి. తరువాతి అనువాదములు, సంస్కరణములు పెక్కు. కాని పల్లెలో గ్రంథమున్నది బోధకునికడ, లేదా ఉపాధ్యాయునికడ మాత్రమే. తక్కినవారికి వాక్యము మూడు త్రోవల చేరినది.

మొదటిది కీర్తన. పురుషోత్తమ చౌధరి (1803-1890) మొదలగువారి రచనలతో ఏర్పడిన తెలుగు క్రైస్తవ కీర్తనల సంపుటి సంఘభేదము లేక అంతట వ్యాపించినది. రాగతాళములతో కూడిన కీర్తన అక్షరము రానివానికి కంఠస్థమగును. పొలమున పాడుకొనవచ్చును. సంకీర్తనలకు, తత్త్వములకు అలవడిన చెవికి అది క్రొత్తది కాదు. రెండవది, బోధకుల కూటములు. ఒంగోలున మూడు నెలలకొకసారి బోధకులు చేరి, తమ పల్లెల సంగతులు చెప్పి, బైబిలుభాగములను అభ్యసించి మరలెడివారు. అచ్చట నేర్చినది తరువాతి మూడు నెలలు నూఱు పల్లెలలో చెప్పబడెను. 1872 లో రామాపట్టణమున దైవశాస్త్ర పాఠశాల ఆరంభమైనపిమ్మట ఈ శిక్షణము నిలకడ పొందెను. మూడవది గూడెపు బడి. పగలు పనికిపోవు పిల్లలకు రాత్రిబడులే ఆధారము. పలకల పరిశ్రమకు పేరెన్నికగన్న మార్కాపుర సీమలో, పలకను చేతబట్టుటకు అర్హత లేదని త్రోసివేయబడిన గూడెములకు పలకను తెచ్చినది ఈ బడి. తన పెద్దలు విని గైకొన్న మాటను పిల్లవాడు చదివి వినిపించినపుడు, "ఇది మనము చేయుచున్నదే" యని వారు గుర్తుపట్టిరి. మునుపు నేను చెప్పిన "ఆచరణమునుండి వచనమునకు" అను మాటకు అర్థమిదియే.

లోపములు

ఈ చరిత్రను కేవల స్తోత్రముగా వ్రాయుట పరిశోధన కాజాలదు. మూడు విధులలోను లోపములు కలవు. విధి అలవాటైనపిమ్మట దాని కారణము మఱపునకు వచ్చుట సహజము. గొడ్డుమాంసము మానుట ఆదిలో అవమానమునుండి తప్పించుకొనుట. కొన్ని తరములకు అది మానని బంధువును హీనముగా చూచుటకును సాధనము కాగలదు. గూడెపు పెద్దలు నిశ్చయించినపుడు గూడెమంతయు చేరుటవలన, ఒక్కొక్కరి మనస్సు ఎంతవరకు కదలినదో చెప్పుట కష్టము. పురాతనమైన పంచాయతీకట్టును సంఘపాలనమునకు వాడుకొంటినని క్లౌ స్వయముగా ఒప్పుకొనెను. అది సంఘమునకు బలము నిచ్చినది. స్త్రీలకును పిన్నలకును మాటలేని పాతపద్ధతినికూడ దానితోపాటు లోనికి తెచ్చినది. అన్నిటికన్న పెద్దలోపము మాల, మాదిగ భేదము. ఒకే గ్రంథమును గైకొన్న రెండు గూడెములు ఒకే బల్లయొద్ద కూర్చుండుటకు ఆ గ్రంథము చాలలేదు. మూడు విధులలో ఒక్కటియు దానిని స్పృశింపదు. ఏ ఆజ్ఞను నడవడిలో పెట్టలేదో ఆ ఆజ్ఞయొక్క అర్థము వారికి తెలియలేదు. నా సిద్ధాంతమునకు ఇది విరుద్ధమైన సాక్ష్యము కాదు. దానికే మఱియొక నిదర్శనము.

స్వాతంత్ర్యానంతరము విధేయతకు క్రొత్త మూల్యము ఏర్పడినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువునుబట్టి షెడ్యూల్డు కులముల హోదా హిందువులకే పరిమితమైనది, 1956 లో సిక్కులకును 1990 లో బౌద్ధులకును విస్తరించినది, క్రైస్తవులకు విస్తరింపలేదు. గుండ్లకమ్మలో బహిరంగముగా మునిగినవాని మనుమడు దరఖాస్తుపై తన మతమును వ్రాయవలసివచ్చినపుడు చేయి ఆగును. ఒప్పుకొనుటయా, మానుటయా? వాని తాత కపిలబాన యెదుట ఎదుర్కొన్న ప్రశ్నయే వానికి కాగితముమీద వచ్చినది. దీనికి తీర్పు చెప్పుట చరిత్రకారుని పని కాదు. కాని వాక్యజ్ఞానమునకు ఆచరణమే పరీక్షయను సంగతి ఈ సీమలో ఇంకను ముగిసిన కథ కాదని చెప్పుట అతని పనియే.

ఉపసంహారము

పై విచారమువలన తేలినది యిది. పశ్చిమ ప్రకాశపు క్రైస్తవులు తెలియక లోబడిరనుటయు, ముందు తెలిసికొని తరువాత లోబడిరనుటయు రెండును చరిత్రకు సరిపడవు. వారు విన్న కొలదిమాటను చేతబట్టిరి. చేతబట్టినదాని బరువునుబట్టి దాని అర్థమును కనుగొనిరి. గురువుల సీమయగుటచేత ఆ పద్ధతి వారికి ముందే తెలియును. గ్రామపు కట్టుబాట్లను ముట్టినచోట వారి జ్ఞానము లోతుగా నున్నది. ముట్టనిచోట, అనగా తమలోతమ భేదముల విషయమున, అది పైపైననే నిలిచినది.

పరిశోధకవిద్యార్థులకు ఒక మనవి. మనకు లభించు ఆధారములలో పెక్కు దొరల వ్రాతలు. గూడెపువారి మాట అందు అనువాదమై, తఱచు సంక్షిప్తమై కానవచ్చును. కంభము, మార్కాపురము, గిద్దలూరు సంఘములలో బాప్తిస్మపు పట్టికలు, పెండ్లి పుస్తకములు, కూటముల తీర్మానములు, వృద్ధుల నోటనున్న కీర్తనలు, మొదటి బోధకుని గుఱించిన కుటుంబకథలు ఇంకను మిగిలియుండును. కాగితములు చెదలపాలగుచుండును, వృద్ధులు వెడలిపోవుచుందురు. తెలుగుశాఖల విద్యార్థులు ఆ పల్లెలకు పోయి, ఆ మాటలను ఆ మాండలికముననే వ్రాసికొని వచ్చినచో, వినుట గైకొనుట యను రెండు క్రియలకు మన నిఘంటువులలో లేని ప్రయోగములు దొరకును. అపుడు ఈ వ్యాసమున ఊహగా చెప్పబడినది నిలుచునో, సవరింపబడునో తేలగలదు.